రెండో కాయిల్

గుడివాడలో మా ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో నేను అసిస్టెంటుని. ఫైనలియర్ ప్రాజెక్టులు ఎక్కణ్ణుంచి ఊడిపడతాయో నాకు తెలుసు. విజయవాడలో అడిగితే రిపోర్టుతో సహా అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. ఈ ఏడు తనూజ ఒక్కతే సొంతంగా చేస్తానని భీష్మించింది.

దాని ప్రాజెక్టు చెప్పడానికి తేలికే. ఒక సర్క్యూట్ ఉంటుంది. అందులో వోల్టేజి ఎప్పుడు ఎటు గెంతుతుందో ఎవరూ చెప్పలేరు, పలుపు తెంచుకున్న దూడే. అలాంటివి రెండు తయారుచేసి, మధ్యలో ఒక రెసిస్టర్ కలిపితే, రెండూ ఒకే గెంతు గెంతాలి. అలా కుదిరితే, వోల్టేజిని గీతలుగా చూపించే సీఆర్వో తెరమీద ఏటవాలుగా ఒక సన్నగీత కనిపిస్తుంది.

వైవా రోజు పొద్దున గీతకి బదులు మసకమచ్చ వచ్చింది. తనూజ రెసిస్టర్ మార్చింది, ఐసీలు మార్చింది. మచ్చ కదల్లేదు. పదకొండింటికి మార్కులు వేయడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వస్తారు. ఇది పోతే జూలైలో చేరాల్సిన ఉద్యోగమూ పోతుంది.

"ఇలాంటిదే పోయినేడాది బోర్డొకటి బీరువాలో ఉంది. అది పెట్టెయ్యవే" అన్నాను.

"వద్దు మేడమ్" అని ఫోన్ తీసింది.

ఇక మార్చకుండా మిగిలినవి సర్క్యూట్‌కొకటి చొప్పున ఉన్న కాయిళ్లే. ఆ రెండూ పామర్రులో పొలం మోటార్లు రీవైండింగ్ చేసే బసవయ్య చుట్టాడు. మొదటిది తనూజ పక్కన కూర్చుని చుట్టించుకుంది. రెండోదానికి ఇంకోరోజు వెళ్లి, చెప్పి వచ్చేసింది.

"మావయ్యా, రెండోది కూడా రెండొందల చుట్లేగా?"

"ఇంకో పది కొసరేశానమ్మా. రెండోసారి వచ్చిన పిల్లకి లెక్కకి లెక్క ఇస్తే ఏం బావుంటది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వంకాయలకి వేసినట్టు కాయిల్‌కి కూడా కొసరేస్తారా! కాయిళ్లు సమానంగా లేకపోతే ఆ రెండు సర్క్యూట్లకీ పొత్తు కుదరదు. తనూజ మాత్రం "థాంక్స్ మావయ్యా" అని ఫోన్ పెట్టేసి, పది చుట్లు విప్పి, తీగ కొస గీకి సోల్డర్ చేసింది. గీత వచ్చింది.

ఎక్స్‌టర్నల్ గారు అప్పటికే ఇరవై అట్టపెట్టెలు చూసి విసిగి ఉన్నారు. "బాగుంది. ఎక్కడ కొన్నావమ్మా?" అన్నారు.

"నేనే చేశాను సార్."

"అందరూ అదే అంటారు" అని మార్కుల షీటు ముందుకి లాక్కున్నారు. తనూజ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది.

వైవాలో స్విచ్చులు వేయడమే నా పని, మాట్లాడటం కాదు. పైగా పక్కనే హెచ్‌ఓడీ గారు ఉన్నారు. అయినా ఆగలేకపోయాను.

"పొద్దున ఇది పనిచెయ్యలేదండీ. పాత బోర్డు పెట్టెయ్యమని నేనే చెప్పాను. ఈ పిల్ల వినలేదు. నా కళ్లముందే విప్పి బాగుచేసుకుంది."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఏం విప్పావో చెప్పమ్మా" అన్నారు. తనూజ ఇరవై నిమిషాలు చెప్పింది.

మర్నాడు నాకు మెమో వచ్చింది. ఇలాంటి సలహాలు ఇంతవరకు ఎవరెవరికి ఇచ్చారో రాతపూర్వకంగా తెలపాలట. కూర్చుని పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఒక కాగితం చాలలేదు.