వంటింట్లో చెట్టు

ఆ వీధిలో ఎవరు ఇల్లు కట్టినా ముందు కాగితం మీద గీసేది ఆవిడే కాబట్టి అందరూ ఆవిడని ప్లానమ్మ అనేవారు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆవిడ గీత గీసిందంటే వెంట్రుకవాసి తేడా ఉండదని పేరు. అలాంటిది, సొంత అక్క ఇంటి ప్లానులోనే వంటింటి నడిమధ్య చెట్టు మొలిచింది.

ఇల్లు పూర్తయింది, రంగులు ఆరాయి. ఇక అందులో కాపురం ఉండొచ్చని నగరపాలక సంస్థ ఇచ్చే పత్రం ఒక్కటే మిగిలింది. అది చేతికొస్తేనే కరెంటు మీటరు, నీళ్ల కుళాయి. అక్క, దర్జీ పని చేసే బావ, ముగ్గురు పిల్లలు, బావ వాళ్లమ్మ, వీళ్లందరికీ తోడు కుట్టుమిషను ఒకే అద్దె గదిలో సర్దుకుంటున్నారు. ఆ గది కూడా నెలాఖరుకి ఖాళీ చేయాలని ఇంటివాళ్లు ఖరాఖండీగా చెప్పేశారు. ఇంకా తొమ్మిది రోజులే గడువు.

తనిఖీకి వచ్చిన ఉద్యోగి మెడలో ఎప్పుడూ కొలతల టేపు ఉంటుంది. అందుకే ఆయన టేపుగారు. బావ మెడలోనూ టేపు వేలాడుతుండటంతో, ఎవరు ఎవరిని కొలుస్తారోనని పిల్లలు మూతికి చేతులడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

టేపుగారు చుట్టూ వదిలిన జాగా కొలిచి తలూపాడు, మెట్లు కొలిచి తలూపాడు. వంటింట్లోకి వెళ్లి పొయ్యిగట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చెట్టేదమ్మా?"

"ఏ చెట్టండీ?" అంది వెంటే ఉన్న ప్లానమ్మ.

"ఈ చెట్టు." ఆయన ప్లాను విప్పి చూపించాడు.

ప్లానమ్మ వంగి చూసింది. నిబంధన ప్రకారం ఇంటి నాలుగు మూలలా చెట్లకి గుర్తుగా తను గీసిన నాలుగు వృత్తాలు కాక, వంటింట్లో ఐదోది ఉంది. వార్డు ఆఫీసులో ఎవరో శ్రద్ధగా దానికి ఆకుపచ్చ రంగేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో "పాత చెట్టు, కొట్టరాదు" అని కూడా రాశారు.

ఆవిడ చెట్లు గీసేది టీ గ్లాసు అడుగు ఆనించి. ఆ రోజు గీయడం అయ్యాక టీ తాగి, అదే గ్లాసుని అక్కడ పెట్టింది. చెట్టుకీ మరకకీ కొలత సరిపోక ఏం చేస్తుంది?

"అది టీ మరకండీ."

టేపుగారు గోటితో రంగు గీకాడు. అడుగున గోధుమరంగు తేలింది. "నిజమే, టీయే. కానీ టీ మరకకి మా దగ్గర ఫారం లేదమ్మా. చెట్టు కొట్టినదానికైతే ఉంది."

ప్లాను సరిదిద్దాలంటే మళ్లీ మొదటినుంచి దరఖాస్తు, మూడు నెలలు. చెట్టు కొట్టామని ఒప్పుకుంటే, బదులుగా ఈ వార్డులోనే పది మొక్కలు నాటాలి. నాటిన మర్నాడే పత్రం ఇస్తారు.

"కొట్టామని రాసిచ్చేయవే," అంది అక్క. "లేని చెట్టు కొడితే ఎవరికి నష్టం?"

"చెయ్యని పని చేశానని ఎలా రాయనక్కా? కింద నా సంతకం ఉంటుంది."

"సంతకం నీ దగ్గర భద్రంగానే ఉంటుందమ్మా," అంది బావ వాళ్లమ్మ. "రోడ్డు మీద ఉండేది మేమే."

ప్లానమ్మ టేపుగారి వైపు తిరిగింది. "లేనిది ఉన్నట్టు చూపిస్తే తప్పని మీ నిబంధనల్లోనే ఉంది కదండీ."

"బాగా చెప్పారు. మరి మూలల్లో ఉండాల్సిన ఆ నాలుగూ ఏవి?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. ఒక మూల ఇసుక కుప్ప, ఇంకో మూల సెప్టిక్ ట్యాంకు మూత, మూడో మూల చాకిరేవు బండ, నాలుగో మూల విరిగిన కుర్చీ. పదకొండేళ్లుగా ఇంటికి నాలుగు చొప్పున గ్లాసు తిప్పుతూనే ఉంది. ఆ లెక్కన ఈపాటికి వీధి అడవై ఉండాలి. బయట కోడి నిలబడటానికి కూడా నీడ లేదు.

కాగితం తీసుకుని రాసింది: "ఈ ప్లానులో నేను చూపించిన చెట్లలో ఒక్కటి కూడా ఇక్కడ లేదు. బాధ్యత నాది."

టేపుగారు చదివి, "చెట్టు కొట్టిన ఫారానికి ఇది ఒప్పుకోలు కిందకే వస్తుంది. కారణం అన్న గడి ఖాళీగా వదిలేద్దాం," అన్నాడు.

మూలలు ఖాళీ చేసి నాలుగు బాదం మొక్కలు ఆ సాయంత్రమే నాటారు. కొట్టిన చెట్టుకి బదులుగా నాటాల్సిన పదింటికి చోటు కోసం ఆవిడ వీధంతా తిరిగింది. ఒకాయన, "రాలిన ఆకులు మీ అక్కొచ్చి ఊడుస్తుందా?" అన్నాడు. ఇంకొకావిడ మర్యాదగానే చెప్పింది: "మా ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి కదమ్మా, నువ్వే గీశావు."

వారం తిరిగేసరికి ఆవిడకి ఒక్క సంగతి తేలింది. వార్డు మొత్తమ్మీద సిమెంటు పడని నేల వార్డు ఆఫీసు ముందరే ఉంది. అక్కడ ఉద్యోగుల స్కూటర్లు పెడతారు. ఆఫీసు కట్టినప్పటి ప్లాను చూపించమని ఆవిడ అర్జీ పెట్టింది. వెతగ్గా వెతగ్గా బీరువా అడుగున దొరికింది. ఆ స్కూటర్ల జాగాలో పన్నెండు పచ్చటి వృత్తాలున్నాయి.

టేపుగారు వాటిని వేలుపెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "మా మీద మేమే నోటీసు ఇచ్చుకోవాలి కాబోలు," అని గొణిగి, మొక్కలకి అనుమతి రాసిచ్చాడు.

అక్కడ పది మొక్కలూ నాటారు, పత్రం చేతికొచ్చింది, గడువు ఇంకో పూట ఉందనగా అక్కావాళ్లు కొత్త ఇంట్లో చేరారు. కానీ పత్రం అడుగున ఒక మెలిక ఉంది: పది మొక్కలూ ఏడాది బతకాలి, ఒక్కటి చచ్చినా పత్రం రద్దు. అందుకని అక్క రోజూ పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరుతుంది. అక్కడ ఆవిడంటే పై అధికారికి కూడా హడలే. మొక్క పక్కన ఉమ్మిన గుమాస్తా చేతే ఆ చోటు కడిగించిందని చెప్పుకుంటారు.

ఒకరోజు టేపుగారు ఆలస్యంగా వచ్చి, హడావిడిలో స్కూటరు రెండడుగుల మొక్కకి ఆనించబోయాడు.

"ఆ బండి అవతల పెట్టు నాయనా," అంది అక్క, బిందె దించకుండానే. "నువ్వు ఆనిస్తున్నది మా ఇంటి కరెంటుకి."

ఆయన స్కూటరుని ఎండలోకి తోసుకుపోయాడు.