కుర్చీలు వేసిన రోజు

మధ్యాహ్నం తిండి గంట ఇంకా కొట్టలేదు. చిన్నకోడలు ఇస్త్రీపెట్టెను చొక్కా వీపు మీద నుంచి భుజం దాకా తోసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. కాళ్ళు తనవిలాగా లేవు. పొద్దున చెప్పుల్లో పట్టిన పాదాలు ఇప్పుడు పట్టడం లేదు. చెప్పులు బల్ల కిందికి తన్నేసి ఒట్టి నేల మీద నిలబడింది. నేలా వెచ్చగానే ఉంది.

"అక్కా, గుక్కెడు నీళ్ళు తాగొస్తా."

"తాగుతావు. ఇంకాసేపటికి బాత్రూమంటావు. అది ఆ మూలనుంది, వెళ్ళి రావడానికి రెండు చొక్కాలు పోతాయి." పెద్దకోడలు తలెత్తకుండానే మడత పెడుతోంది. "నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్. నాలిక తడిస్తే చాలు."

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, అన్నదమ్ముల పెళ్ళాలు. చొక్కాలు కుట్టే ఈ షెడ్డులో అందరూ వాళ్ళని అలాగే పిలుస్తారు. ఒకరు ఇస్త్రీ చేస్తే ఇంకొకరు మడత పెట్టి అట్టముక్క దోపి పక్కన పేర్చాలి. ఇక్కడ పనంతా జోడీ లెక్క. చొక్కాకి ఇంత అని జోడీకి కడతారు, మనిషికి కాదు. ఒకరు ఆగితే ఇద్దరి కూలీ ఆగుతుంది. అందుకని కూర్చోవద్దని ఎవరూ అరవనక్కర్లేదు. ఎదురుగా ఉన్న మనిషే చూసుకుంటుంది.

అన్నదమ్ములు పనిచేసే మిల్లు మూతపడింది. అప్పటి నుంచీ ఇంట్లో పొయ్యి ఈ బల్ల మీదే మండుతోంది.

షెడ్డుకి ఇంకో పద్ధతి ఉంది. కడుపు కనపడ్డ మనిషిని ఇంటికి పంపేస్తారు. తిట్టరు, గెంటరు. విశ్రాంతి తీసుకోమంటారు. కని, ఒళ్ళు కుదుటపడి తిరిగొస్తే పని ఇస్తారు గానీ, దారాలు కత్తిరించే చోట, సగం కూలీకి. వదిలేసిన జోడీ మళ్ళీ దొరకదు. మొదటి నెలల్లో దాచడం సులువే. వాంతి వస్తే తిన్నది పడలేదంటే సరిపోతుంది. చివరి నెలల్లో దాచాలన్నా దాగదు. కష్టమంతా నడిమి నెలల్లో. వాంతులు తగ్గి, ఆకలి పుట్టి, లోపల బిడ్డ కదిలే ఈ రోజుల్నే ఊళ్ళో ఆడవాళ్ళు మంచి రోజులంటారు. షెడ్డులో ఇవే గండం.

చిన్నకోడలికి ఆరో నెల. రోజూ పొద్దున తోడికోడలు తలుపేసి, పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కడుతుంది. పైన మొగుడి వదులు చొక్కా తొడుగుతుంది. "ఊపిరి బిగబట్టు," అంటుంది. "నా ముగ్గురికీ నేనే కట్టుకున్నా. ఎవడికీ ఏమీ కాలేదు. పెద్దోడి తల కాస్త చదునుగా ఉంటుంది, అంతే." చిన్నకోడలికి నవ్వొస్తుంది. నవ్వితే కట్టు వదులవుతుందని మళ్ళీ తిట్టు పడుతుంది.

ఆ పూట మేస్త్రి తిండి గంటకి ముందే వచ్చాడు. ఆయన ఏనాడూ గొంతు పెంచడు. అందుకే వెనకాల ఆయన్ని మెత్తనయ్య అంటారు.

"అమ్మా, పెట్టెలు పక్కన పెట్టండి. డాక్టరమ్మగారొచ్చారు. ఆరోగ్యం గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఫోటో కూడా తీస్తారు."

ఆఫీసు గదిలోంచి మూడు కుర్చీలు తెచ్చి ముందు వరసలో వేశారు. చేతులున్న మెత్తటి కుర్చీలు. ఈ షెడ్డులో కుర్చీ పడడం ఎవరూ చూడలేదు.

"గర్భవతులెవరమ్మా? వచ్చి కూర్చోండి. వాళ్ళ కోసమే ఈ మాటలు," అన్నాడు మేస్త్రి.

ఎవరూ కదల్లేదు. పెద్దకోడలు బల్ల పక్కకి జరిగి తోడికోడలికి ముందు నిలబడింది.

"ఒక్కరూ లేరా? ఫోటో ఎలాగమ్మా మరి?" మెత్తనయ్య తల గోక్కున్నాడు. చివరికి వేలు పెట్టి ముగ్గుర్ని చూపించాడు. బొత్తాలు కుట్టే ముసలావిడ, దారాలు కత్తిరించే పొడుగుపిల్ల, ప్యాకింగులో లావుపాటి మనిషి. "మీరు కూర్చోండి. కాసేపే."

బొత్తాల అత్త నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. "సారూ, నాకిప్పుడు కడుపంటే, పోయిన మా ఆయన లేచొచ్చి ఎవడే వాడని అడుగుతాడు."

షెడ్డంతా గొల్లున నవ్వింది. మెత్తనయ్య కూడా నవ్వాడు. అత్త కూర్చుంది. కూర్చున్నాక కుర్చీ చేతుల్ని ఒకసారి తడిమి చూసుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మంచి గొంతు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఒళ్ళు తేలికగా ఉంటుందని, అలాగని ఏమరుపాటుగా ఉండకూడదని చెప్పింది. దాహం వేసే దాకా ఆగకుండా నీళ్ళు తాగాలి. మూత్రం ఆపుకోకూడదు, ఆపుకుంటే జ్వరం వచ్చి బిడ్డ మీదికి పోవచ్చు. ఎక్కువసేపు నిలబడకూడదు, నిలబడక తప్పకపోతే ఒక కాలు పీట మీద పెట్టుకోవాలి. బట్టలు వదులుగా ఉండాలి. పక్కకి తిరిగి పడుకోవాలి, ఎడమ వైపైతే మంచిది. కాళ్ళతో పాటు ముఖమూ చేతులూ ఉబ్బితే, తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

చిన్నకోడలు వెనక వరసలో నిలబడి ఒక్కో మాటా విన్నది. తన కోసమే చెబుతున్నట్టుంది. ఎడమ వైపన్న మాట దగ్గర ఇల్లు గుర్తొచ్చింది. ఒకే గది. అందరూ కుడివైపు తిరిగి ఒకరి వీపుకొకరు ఆనుకుని పడుకుంటేనే చోటు చాలుతుంది. ఒకరు తిరిగితే అందరూ తిరగాలి. తను తిరిగిన రాత్రి అత్తగారు, "ఏమైందే, రైలెళ్ళిందా?" అని లేచి కూర్చుంది.

కట్టు కింద బిడ్డ కదిలింది. ఇరుకులో మనిషి మోచెయ్యి సర్దుకున్నట్టు కదిలింది. పొట్ట మీద చెయ్యి వేసుకోబోయింది. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఎన్నో నెలమ్మా?" డాక్టరమ్మ బొత్తాల అత్తని అడిగింది.

"లెక్క తప్పిందమ్మా," అంది అత్త.

డాక్టరమ్మ ఆవిడ నెరిసిన జుట్టు చూసింది. మేస్త్రి వైపు చూసింది. ఆమె చూపు వెనక వరస దాకా వచ్చింది. "ఆ అమ్మాయి కాళ్ళు చూడండి, ఎలా ఉబ్బాయో. కాస్త కూర్చోనివ్వండి."

"ఏమీ లేదమ్మా, నీరుపట్టిన ఒళ్ళు. మా ఇంటి మనిషే, నాకు తెలుసు," అంది పెద్దకోడలు.

"వాళ్ళకి నిలబడ్డం అలవాటేనండీ," అన్నాడు మెత్తనయ్య. ఫోటో తీశారు. కుర్చీల్లో ఉన్న ముగ్గురికీ తలా ఒక గులాబీరంగు సంచి ఇచ్చారు. పాలపొడి, ఖర్జూరాలు, ఏవో మాత్రలు. డాక్టరమ్మ కారెక్కింది. కుర్చీలు ఆఫీసులోకి వెళ్ళిపోయాయి.

తిండి గంట మాటల్లోనే పోయింది. పెట్టెలు మళ్ళీ వేడెక్కాయి.

మొదట బొత్తాల అత్త వచ్చింది. డబ్బాడు బొత్తాలు చంకన పెట్టుకుని బల్ల పక్కనుంచి నడుస్తూ, సంచిని కాలితో బల్ల కిందికి నెట్టింది. "నేనేం చేసుకోను," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. తర్వాత పొడుగుపిల్ల వంగి, చెప్పు సర్దుకుంటున్నట్టుగా ఇంకోటి పెట్టింది. ప్యాకింగు మనిషి దాచనైనా దాచలేదు. "తినవే తల్లీ," అని పెట్టేసి పోయింది. ఎవరికి వాళ్ళే, ఈ సంగతి తమ ఒక్కరికే తెలుసనుకున్నారు.

"ఓసినీ, తీసుకుపోండే! చంపుతారా ఏంటి దీన్ని?" పెద్దకోడలు పళ్ళ మధ్య నుంచి అంది. అప్పటికే వాళ్ళు దూరం పోయారు. మూడో సంచిని చొక్కాల గంప వెనక్కి తొయ్యబోయేసరికి బల్ల అవతల బూట్లు ఆగాయి.

మెత్తనయ్య వంగి చూశాడు. "ఇవి మూడూ ఇక్కడున్నాయేంటమ్మా?"

"పిల్లలకని నేనే అడిగి తీసుకున్నా సారూ."

"మీ పెద్దోడికి మీసాలొచ్చాయిగా. వాడికి పాలపొడా?"

వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మెత్తనయ్య చిన్నకోడలి పాదాలు చూశాడు. చొక్కా చూశాడు. ఆమె ముఖం చూశాడు. "ఎన్నో నెలమ్మా?"

లేదని చెప్పాలనుకుంది. పొద్దుట్నుంచీ పుక్కిలించి ఉమ్మిన నోరు. నాలిక అంగిటికి అంటుకుపోయింది.

"ఆరు," అంది.

"మరి చెప్పవేం తల్లీ? డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా. నిలబడకూడదు. నీళ్ళు తాగాలి. నాకూ ఆడపిల్లలున్నారు." గొంతులో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. "ఇంటికెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకో. ఎడమ వైపు తిరిగి పడుకో."

"సారూ, ఈ నెలొక్కటీ ఉండనివ్వండి. దాని పని కూడా నేను చేస్తా," అంది పెద్దకోడలు.

"రేపేదన్నా అయితే మాట మాకొస్తుందమ్మా. నీకు జోడీ లేకుండా చెయ్యనులే. పొడుగుపిల్లా, ఇటు రా. ఇవాళ్టి నుంచి నువ్వీ బల్ల."

పెద్దకోడలు పొడుగుపిల్ల వైపు చూసింది. కొత్త జోడీ అంటే సగం కూలైనా ఇంటికొస్తుంది. ఆ లెక్క ఆమె ముఖంలో చిన్నకోడలికి కనపడింది. తప్పు పట్టబుద్ధి కాలేదు. తనైనా అదే లెక్క వేసేది.

పొడుగుపిల్ల వచ్చి, కత్తెర ఏం చెయ్యాలో తెలియక పట్టుకు నిలబడింది. దారాల మూల నుంచి ఇస్త్రీ బల్లకి రావాలని ఏడాదిగా చూస్తున్న మనిషి. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "పెట్టె ఇవ్వక్కా," అంది.

"ఇవ్వను."

గట్టిగా అనలేదు. అయినా పక్క బల్లల దగ్గర చేతులు ఆగాయి. చిన్నకోడలు గంపలోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"అలా మొండికెయ్యకూడదమ్మా. నీ మంచికే," అన్నాడు మెత్తనయ్య. ఆయన చెయ్యి చేసుకోలేదు, కసురుకోలేదు. గోడ దగ్గరికి నడిచి, ఆ బల్ల స్విచ్చు నొక్కేశాడు. పెట్టె మీది ఎర్రదీపం ఆరిపోయింది. కాసేపు చూసి, మిగతావాళ్ళని పని చేసుకోమని చెప్పి ఆఫీసులోకి వెళ్ళాడు.

మొదటి చొక్కాకి పెట్టెలో ఉన్న వేడి సరిపోయింది. రెండోదానికి ముడతలు సగమే పోయాయి. మూడోది ఎలా వచ్చిందో అలాగే ఉంది. అయినా ఆమె వీపు మీద నుంచి భుజం దాకా తోస్తూనే ఉంది. చల్లారిన ఇనుము బట్ట మీద బరువుగా జారుతోంది. పొడుగుపిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. అటూ పోలేదు, ఇటూ రాలేదు.

చిన్నకోడలు ఆ చొక్కాని ఎదటి వైపుకి తోసింది.

పెద్దకోడలు దాని వైపు చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచి లాక్కుంది. చేతులు వెనక్కి మడిచి, అట్టముక్క దోపి, కాలరు నిలబెట్టింది. ముడతల బట్ట, మడత నిలవలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.