చెంప మీద ఐదు వేళ్లు

అరవై ఒకటో సంవత్సరం అనుకుంటా. వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాకు ఇరవై మూడేళ్లు. మగ్గం ముందు కూర్చుని పగటికలలు కనడంలో నన్ను మించినవాడు మా వాడలోనే లేడు. ఆ నెల నా కలలన్నీ ఒక్క మనిషి గురించే. వర్ధన్నపేట పోశయ్య చిన్నబిడ్డ శకుంతల. నూలు దుకాణంలో తండ్రి వెనక నిలబడి, పోగు తెంపి చూసి, "ఈ నూలు ఒద్దు నాయినా, తెగుతది" అన్నప్పుడు చూశాను. అంతే, నా పని అయిపోయింది.

మా అమ్మ మల్లవ్వ పోశయ్యకు కబురు పంపింది. మావాళ్లలో పిల్ల తండ్రి ముందుగా వచ్చి పిల్లాడి మగ్గం చూస్తాడు, నేసిన అంచు వేళ్లతో తడిమి చూస్తాడు. పోశయ్య మాత్రం బిడ్డను కూడా వెంటబెట్టుకొస్తానన్నాడు. పెద్దబిడ్డ పెళ్లికి పిల్లాడు ఇష్టం లేదన్నా ఇంట్లోవాళ్లు కొట్టి ఒప్పించారట. ఏడాది తిరక్కుండానే ఆమె పుట్టింటికి వచ్చేసింది. ఈసారి ఇద్దరి మనసూ తెలుసుకున్నాకే మాట అని ఆయన పట్టు.

ఆ పొద్దున మంగలి గట్టయ్య వాకిట్లో నా గడ్డం గీశాడు. పటిక రుద్దితే చెంపలు భగ్గుమన్నాయి. తడి ఆరనిచ్చి, పెళ్లికొడుకులకు మాత్రమే బయటికి తీసే పౌడర్ డబ్బా సంచిలోంచి తీశాడు. మెల్లగా అద్దాడు. మంటంతా ఎటో పోయింది.

"ఇగ మొఖం ముట్టకు బిడ్డా, ఆళ్లు వచ్చిపోయేదాక," అన్నాడు వెళ్తూ.

ముట్టనన్నాను. పెంకుల సందుల్లోంచి ఎండ జారుతోంది. ఆ వెలుగులో దూది నుసి, పౌడర్ నుసి కలిసి తేలుతున్నాయి. రాత్రి రంగు వేసిన ఎర్రనూలు దండెం మీద ఇంకా తడిగానే ఉంది. ఒక కట్ట జారితే సర్ది మగ్గం దగ్గర కూర్చున్నాను. పౌడర్‌ది ఎంత మంచి వాసన! ఆ వాసనలోనే శకుంతల వచ్చి నా ఎదుట కూర్చుని కండెలు చుడుతోంది. నేనేదో అంటున్నాను, ఆమె నవ్వుతోంది. ఇల్లూ, మగ్గం, నేనూ నేలకు జానెడు ఎత్తున తేలుతున్నాం. ఎంతసేపు అలా ఉన్నానో నాకే తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా పోశయ్య. వెనక నిజమైన శకుంతల. ఆయన మగ్గం వైపు చూడనైనా లేదు. నా ముఖమే చూస్తున్నాడు.

"ఎవరు కొట్టిండ్రు నిన్ను?"

అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, నన్ను చూసి తనే అదిరిపడింది. తెల్లటి చెంప మీద ఎర్రగా ఐదు వేళ్లు.

"ఏందిరా ఇది? అన్నా, దేవుని మీద ఒట్టు, ఎవ్వరు కొట్టలే!"

"కొట్టి ఒప్పిచ్చిన పిల్లగాడు మాకొద్దు చెల్లె. ఒక్కపారి కాలింది సాలు. నడువు బిడ్డా."

ఆయన గడప దాటి చెప్పులు వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నెలరోజులుగా కలలో గలగలా మాట్లాడినవాణ్ని, అప్పుడు ఒక్క ముక్క అనలేకపోయాను.

శకుంతల కదల్లేదు. నా చెంపను చూసింది, దండెం మీది నూలును చూసింది.

"చెయ్యి సూపియ్," అంది.

చాపాను. అరచెయ్యంతా ఎర్రరంగూ పౌడరూ కలిసిన ముద్ద. ఆమె తన అరచేతిని పక్కన పెట్టింది. అది పచ్చరంగు, వాళ్లింట్లో నూలు ముంచే రంగు గాబుది.

"ఎవ్వరు కొట్టలే నాయినా. రంగుచేతిని చెంపకు పెట్టుకొని కూసున్నడు."

"గంత ఫికర్ ఏమొచ్చింది?" అన్నాడు పోశయ్య, నన్నే చూస్తూ. నేను కాక ఇంకెవరూ చెప్పలేని జవాబు అది.

"నీ బిడ్డను యాది చేసుకుంట కూసున్న మామా."

మామా అన్నానని, అనేశాక గానీ తెలియలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోశయ్య బిడ్డ వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్?"

శకుంతల నా చెంపను ఇంకోసారి తేరిపార చూసింది.

"పౌడర్ ఏసుకునుడు సుత రాదు ఈయినెకు," అంది. "నేర్పుకుంట తియ్యి."

పోశయ్య చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.