వరుస చివరి జాగా

గుండుసూది మొనతో టైపు మిషన్ ఇంగ్లీషు 'ఈ' అక్షరం కడుపులో పేరుకున్న మసిని గీకుతున్నాడు రామ్‌దాస్. దాని తరువాత 'ఓ', ఆపైన 'ఏ'. అక్షరాలు శుభ్రం చేయనిదే మిషన్‌లోకి కాగితం ఎక్కించడు. నిజామాబాద్ కలెక్టరాఫీసు వరండాలో దరఖాస్తులు రాసేవాళ్లు నలుగురున్నారు గానీ, టైపు మిషన్‌ను ఆఫీసులో వదలకుండా రోజూ సైకిలు క్యారేజీకి కట్టుకుని ఇంటికి మోసుకుపోయేది రామ్‌దాస్ ఒక్కడే. కావలివాడు నమ్మకస్తుడని అందరూ అంటారు. అందరూ అంటున్నారు కాబట్టే ఆయనకు అనుమానం.

ఈ వేళ మిషన్ దించేటప్పుడు ఎడమ చెయ్యి భుజం దాకా లాగింది. రాత్రి తిన్న వంకాయ కూర మీదికి పోయింది ఆయన అనుమానం. దవాఖానాకు పొమ్మని భార్య వసంతమ్మ వారం రోజులుగా పోరుతోంది. ఆమె అంతగా పట్టుబట్టడం చూసి, డాక్టరు ముందే ఆమెకు ఏదో చెప్పి ఉంటాడనుకుని ఆ ఛాయలకే పోలేదు.

యాభై ఏడేళ్ల బక్క మనిషి. కాలరు తిరగేసి కుట్టించిన తెల్ల చొక్కా, దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు, రిబ్బను సిరా ఇంకి నల్లబడ్డ చూపుడు వేళ్లు రెండు. ఆ రెండు వేళ్లే ఆయన బతుకుతెరువు. నిజాం కాలంలో ఈ వరండాలో ఇదే స్తంభం కింద ఉర్దూలో దరఖాస్తులు రాసేవాడు. రాష్ట్రం మారి ఆఫీసులో ఇంగ్లీషు గట్టిపడ్డాక, నడివయసులో, రిటైరైన ఒక హెడ్మాస్టరు దగ్గర కూర్చుని గ్రామరు నేర్చుకున్నాడు. నేర్చినవాటిలో సగం మరిచిపోయినా ఒక్కటి మాత్రం ప్రాణంలా పట్టుకున్నాడు. 'టు' అనే మాటకూ దాని వెంట వచ్చే క్రియకూ మధ్య మూడో మాట దూరకూడదు. 'టు కైండ్లీ గ్రాంట్' అని రాయకూడదు. ఆ 'కైండ్లీ'ని ముందుకో వెనక్కో తోలాలి. ఊరంతా నడుమనే పెడుతుందని ఆయనకు తెలుసు. నోటీసు బోర్డు మీద 'టు స్ట్రిక్ట్‌లీ ఫాలో' అని ఏ అధికారో సంతకం పెట్టి మరీ అంటించిన కాగితం రోజూ కళ్లబడుతుంది. అది చూసినప్పుడల్లా ఎవరింటి తలుపో బార్లా తీసి ఉన్నట్టు ఆయన ప్రాణం కొట్టుకుంటుంది.

దానికి కారణముంది. టైపుకు కొత్తలో ఏర్గట్ల రైతు ముత్తన్న పొలం తన స్వాధీనంలోనే ఉందని దరఖాస్తు పెట్టుకుంటే రామ్‌దాసే కొట్టిచ్చాడు. 'ఐ యామ్' దగ్గర వరుస ఆపి, చివర కొంచెం ఖాళీ వదిలి, మిగతాది కింది వరుసలోకి దింపాడు. ఎవడో ఇంకో మిషన్ మీద ఆ ఖాళీలో 'నాట్' అని చేర్చాడు. ఉన్న పొలం లేదని తానే రాసుకున్నట్టయింది. ముత్తన్న నడి వరండాలో రామ్‌దాస్ కాలరు పట్టుకున్నాడు. నకలు లేదు, చూపడానికేమీ లేదు. రామ్‌దాసే అమ్ముడుపోయాడన్న నమ్మకంతోనే ముత్తన్న ఆ ఏడు కన్నుమూశాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు కాలిపోతుంది. అప్పటినుంచి కార్బను పెట్టనిదే ఆయన ఒక్క ముక్క కొట్టడు. వరుస చివర జాగా మిగిలితే అంచుదాకా అడ్డగీతలు కొట్టి మూసేస్తాడు.

పదకొండింటికి ఎడపల్లి నుంచి భూమవ్వ వచ్చింది. మగడు పోయాక ఎకరం వరి ఒక్కతే చేసుకుంటోంది. పైరు పొట్టకొచ్చింది. తమ పిల్లకాలువ తూము మూసి పన్నెండు రోజులైంది. ఇంకో నాలుగు రోజులు నీళ్లు రాకపోతే గింజ పొట్టలోనే ఎండుతుంది. కలెక్టరు సాయంత్రం బండికి హైదరాబాదు పోతున్నాడట, వారందాకా రాడట. మూడింటికి తపాలు కిటికీ మూసేలోగా కాగితం లోపల పడాలి. ఇదంతా చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా మిషన్ వైపే చూస్తూ నిలబడింది.

నిన్న బసవయ్య ఇదే స్తంభం దగ్గర కాగితం కొట్టించుకోవడం ఆమె కళ్లారా చూసింది. బసవయ్య కోస్తా నుంచి వచ్చి కాలువ ఎగువన చెరకు వేసుకున్న రైతు. తన వంతు నీళ్లు తగ్గించొద్దని ఆయన దరఖాస్తు.

“ఆయనకూ నువ్వే రాసి, నాకూ నువ్వే రాస్తివాయె. గిదేం లెక్కనే అన్నా?” అంది.

“కాగితం నీది, మాట నీది. నాది మిషనే చెల్లె.”

“వేళ్లు గూడ నీయే గద.”

ఇరవై ఏళ్లుగా లోకాన్ని అనుమానిస్తూ వచ్చిన మనిషిని ముత్తన్న తరువాత ఇలా ఎదురుగా నిలబెట్టి అనుమానించిన వాళ్లు లేరు. రామ్‌దాస్‌కు చెంపలు వేడెక్కాయి. ఈమె ఎవరి చేతిలోనూ మోసపోదు అని లోలోపల మెచ్చుకోకుండానూ ఉండలేకపోయాడు.

కొట్టడం అయ్యాక ఒక్కో మాట మీద వేలు పెట్టి చెప్పమంది. చెప్పాడు. జల్ది అన్న మాట ఎక్కడుందని అడిగింది. 'ఇమ్మీడియట్లీ' మీద వేలు పెట్టాడు. దాని ముందున్నది 'కోరుతున్నాను' అని, వెనకున్నది 'తెరవమని' అని వివరించాడు. భూమవ్వ కాసేపు ఆ మూడు మాటల్ని చూసింది.

“గట్లయితే జల్ది ఎవలది? నేను జల్ది అడుగుతున్ననా, కలెక్టర్ సాబ్ జల్ది తెరవాల్నా?”

రామ్‌దాస్ ఆ కాగితం తీసేసి, ఇంకోటి ఎక్కించి, ఈసారి ఆ మాటను తూము పేరు, ఊరు, సర్వే నంబరు అన్నీ అయ్యాక అట్టడుగున పెట్టాడు. మళ్లీ వేలు పెట్టి చెప్పించుకుంది.

“తెరువుమన్నది ఈడ, జల్దన్నది ఆడ. నడుమ ఊరంత జాగ. గా జాగల ఎవడన్న ఏదన్న సొరబెడితే?”

తన అనుమానమే ఎదుటి మనిషి నోట వినబడేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి. నడుమ మాట పెట్టకూడదని తనకు నేర్పినవాళ్లు చెప్పారని, మెల్లగా, తనకే చెప్పుకున్నట్టు అన్నాడు.

“గాళ్ల వరి ఎండుతున్నదా?” అంది భూమవ్వ.

మూడో కాగితం ఎక్కించాడు. తపాలు గుమాస్తా భోజనానికి పోయాడు, వరండా పలచబడింది. ఎడమ చెయ్యి మళ్లీ లాగుతోంది. 'టు' కొట్టి, వేలు గాల్లో నిలిపి, ఊపిరి పీల్చుకుని, 'ఇమ్మీడియట్లీ ఓపెన్' అని కొట్టాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. చూసుకుంటే తప్పుగా కనిపించలేదు. మూడు మాటలూ బిర్రుగా, మధ్యన ఏదీ దూరే వీల్లేకుండా కూర్చున్నాయి. మనసు తేలికపడింది.

చివరి వరుసకొచ్చాక, గీతలు ఎందుకు కొడతాడో ఆమెకు చెప్పాడు. ముత్తన్న సంగతీ చెప్పాడు. వసంతమ్మకు కూడా అంత విడమరిచి ఎన్నడూ చెప్పలేదు. వరుస మూసేశాక వేలిముద్ర వేయొచ్చని, ఈలోగా సద్ది తినమని అన్నాడు. భూమవ్వ మెట్ల మీద మూట విప్పుకుంది. వెనక మిషన్ చప్పుడు టక్కు టక్కుమంటూ సాగి, ఆగింది.

తిరిగి చూస్తే గడ్డం ఛాతీకి ఆనించి, వేలు మీట మీదనే ఉంచి ఉన్నాడు. కునుకు తీస్తున్నట్టు నటిస్తున్నాడనుకుంది. తను అటు పోగానే మాట మారుస్తాడేమో. చెయ్యి కడుక్కోను కూడా లేవకుండా, ఆ వేలి మీదే చూపు నిలిపి కూర్చుంది. వేలు కదల్లేదు. కదలకపోయే కొద్దీ ఆమెకు నమ్మకం పెరిగింది. ఇంత సేపు కదలని వేలు మోసం చేసేది కాదనుకుంది.

రెండున్నర దాటాక, కిటికీ మూసే వేళవుతోందని బంట్రోతు కేక పెట్టాడు.

“అన్నా, లే. నీ మీద నాకు అనుమానం లేదిగ.”

భూమవ్వ ఆయన భుజం తట్టింది. రామ్‌దాస్ మెల్లగా స్తంభం మీదికి ఒరిగాడు. పక్క స్తంభం దగ్గర స్టాంపులమ్మే సాయన్న వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, తన తువాలు ఆయన మీద కప్పాడు. భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తనే చంపానా అనిపించింది ఆమెకు. మూడు సార్లు కొట్టించింది కదా.

కిటికీ మూసేస్తారని సాయన్నే గుర్తుచేసి, మిషన్‌లోంచి పై కాగితం జాగ్రత్తగా లాగి ఇచ్చాడు. చివరి వరుసలో గీతలు అంచుదాకా పోలేదు. రెండంగుళాల ముందే ఆగిపోయాయి. ఎవరూ పట్టించుకోరు, కింద వేలిముద్ర వేసి పట్టుకుపొమ్మన్నాడు సాయన్న. భూమవ్వ వినలేదు. బొటనవేలు సిరాలో అద్ది, గీతలు ఆగిన చోట, ఆ ఖాళీ నిండేలా అదిమి పెట్టింది. పరుగున పోయి కిటికీలో ఇచ్చింది. లోపల ముద్ర పడిన చప్పుడు విన్నాకే తిరిగి వచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

వసంతమ్మకు కబురు పంపారు. సైకిలు స్తంభానికి ఆనించి ఉంది, దాని క్యారేజీకి తాడు వేలాడుతోంది. మిషన్‌లో కార్బను కింద నకలు అలాగే ఉండిపోయింది. చివరి వరుసలో గీతల తరువాత రెండంగుళాల తెల్లని జాగా.