దీపు గిటారుకి కుట్టిన సంచీ

మా మనవరాలు దీపు పోయినేడు ఉగాది ప్రోగ్రాంలో స్టేజి మీద పడిపోయింది. అక్కణ్ణుంచి చెబితేనే మిగతాది తెలుస్తుంది. అప్పటికి దానికి పన్నెండేళ్లు. పట్టు పరికిణీ కట్టుకుని, ఎలక్ట్రిక్ గిటారు మెళ్లో తగిలించుకుని రెండడుగులు ముందుకేసిందో లేదో, గిటారు నుంచి ఆంప్ అనే స్పీకరు పెట్టెకి పోయే నల్ల వైరు పరికిణీ అంచుకి చుట్టుకుంది. బోర్లా పడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ వెనక వరసలో కుర్రాళ్లు నవ్వారు. అంతే. ఆ తర్వాత ఏడాది పాటు గది తలుపేసుకుని వాయించడమే గానీ, ఇంటికి చుట్టాలొచ్చినా వాళ్ల ముందు గిటారు ముట్టలేదు.

ఈ ఏడు, అంటే రెండువేల పన్నెండు ఉగాదికి, "వైరు లేకపోతే వాయిస్తాను" అని అదే అంది. మా అల్లుడు కౌశిక్ ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు వైర్‌లెస్ సెట్టు తెప్పించాడు. సబ్బు పెట్టెలంత రెండు పెట్టెలు.

"అమ్మమ్మా, చూడు. ఇది ట్రాన్స్‌మిటర్, నా మీద ఉంటది. అది రిసీవర్, ఆంప్ పైన ఉంటది. రెండిటికీ సేమ్ నంబర్ పెట్టాలి. ఇక్కడ మూడు, అక్కడ మూడు."

"వేరే నంబరు పెడితే?"

"ఇది మాట్లాడతది, అది వినదు."

"మీ తాతయ్యా నేనూ అలాగే ఉండేవాళ్లం లేవే" అన్నాను. మా అమ్మాయి అనూరాధ వంటింట్లోంచి పెద్దగా నవ్వింది.

ముందు ఆంప్ సౌండు తగ్గించుకోవాలి, తర్వాత మీట వెయ్యాలి, లేకపోతే ఠప్పుమని చెవులు పగులుతాయి. గిటారు నుంచి ట్రాన్స్‌మిటర్‌కి జానెడు వైరే. బ్యాటరీలు ప్రోగ్రాం రోజున కొత్తవి వెయ్యాలి. పక్కన కూర్చుని చూసి చూసి నాకూ వచ్చేసింది. ఆకుపచ్చ లైటు వెలగ్గానే దీపు గరాజ్‌లోంచి వాయించుకుంటూ హాల్లోకి వచ్చింది, హాల్లోంచి పెరట్లోకి పోయింది. గరాజ్‌లో ఆంప్ మోగుతూనే ఉంది. దాని మొహం చూడాలి మీరు!

ఒకటే చిక్కు. ట్రాన్స్‌మిటర్ వెనకాల ఇనప క్లిప్పు ఓణీకి పెట్టి చూస్తే దారాలు లాగేస్తోంది. ఈసారి పరికిణీ మీద ఓణీ కూడానాయె. "నేను చిన్న సంచీ కుట్టి గిటారు పట్టీకి అతికిస్తాలే" అన్నాను.

నా పెళ్లినాటి కంచిపట్టు చీర ఒకటుంది. ఒళ్లంతా పిగిలిపోయింది గానీ పైటకొంగు మాత్రం రేకులా నిలబడుతుంది, అంత జరీ. ఈ దేశం రాకముందు గుంటూరులో ఉండగా పాత పట్టుచీరలు కొనేవాడు వీధిలోకి వస్తే ఆ కొంగు చేత్తో తడిమి, "అమ్మా, అసలు వెండి జరీ ఇది, కాలిస్తే ముద్ద దిగుతుంది" అని నాలుగుసార్లు తిరిగాడు. నేనివ్వలేదు. ఆ కొంగులోంచి ముక్క కోసి, గట్టిగా ఉండాలని రెండు మడతలు వేసి, మూత పెట్టి, ముత్యాల గుండీ కుట్టాను. ముందురోజు రాత్రికి గానీ పూర్తికాలేదు. ఇంట్లో వాయించి చూసుకున్నదంతా జీన్స్ ప్యాంటుకి క్లిప్పు పెట్టుకునే. సంచీలో పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. దీపు సంచీ చూసి, "సో ప్రెటీ అమ్మమ్మా!" అని నా మెడ చుట్టుకుంది. క్లిప్పు ఊడదీసి ఇంట్లోనే పడేశాం.

ప్రోగ్రాం హైస్కూలు ఆడిటోరియంలో. దీపు కంటే ముందు చిన్నపిల్లల డాన్సు. తెర పక్కనున్న గదిలో చిన్న ఆంప్ పెట్టి ఒకసారి చూసుకుందామన్నారు. దీపు తీగ మీటింది. కుయ్యిమంది, ఆగింది. మళ్లీ మీటింది. గరగర. తర్వాత అదీ లేదు.

కౌశిక్ నంబరు మార్చాడు. మూడు పోయి ఐదు, ఐదు పోయి ఎనిమిది. సౌండు చూసుకునే ధర్మారావు గారు పరిగెత్తుకొచ్చి, "హాల్లో అందరి ఫోన్లూ వైఫై మీదున్నాయండీ, అదే దీని సిగ్నల్ని కొట్టేస్తోంది" అన్నారు. గదిలో అందరి చేతా ఫోన్లు ఆఫ్ చేయించారు. ఉహూఁ.

"వైరు పెట్టేసుకుందాం తల్లీ, సేఫ్" అన్నాడు కౌశిక్.

"నో! వైర్ అయితే నేను వెళ్లను. నా పేరు తీసేయండి." దీపు గిటారు మెళ్లోంచి తీసెయ్యబోయింది. అనూరాధ దాని బొట్టు సర్దుతూ, "ఏడవకే, కాటుక కారుతుంది" అంటుంటే దానికి ఇంకా దుఃఖం వచ్చేసింది.

చివరికి బ్యాటరీలే చూద్దామని కౌశిక్ పెట్టెను సంచీలోంచి తీశాడు. కొత్తవి వేసి చేత్తో పట్టుకుని, "మీటు" అన్నాడు. గిటారు ఖంగుమంది. అందరూ అమ్మయ్య అనుకున్నారు. సంచీలో పెట్టి గుండీ వేశాడు. మూగబోయింది. "బ్యాటరీలు కూడా కావా!" అని తల పట్టుకున్నాడు.

చేతిలో ఉంటే పలికింది, సంచీలో ఉంటే పలకలేదు. మధ్యలో మారిందేమిటి? చీరలవాడి మాట చెవిలో గింగురుమంది.

"నాయనా, మీ మిషనులో ఏమీ లేదు. నా సంచీయే. అది గుడ్డ కాదు, వెండి రేకు."

కౌశిక్ సంచీ వంకా నా వంకా చూసి, "అత్తయ్యా! అవునండీ, లోహంలోంచి సిగ్నల్ బయటికి రాదు. పదిహేనేళ్లుగా నెట్‌వర్కుల్లో పనిచేస్తున్నాను, నాకు తట్టలేదు" అన్నాడు.

"తర్వాత పొగుడుదువు గాని, పెట్టె ఇలా తే."

బొడ్లో దోపుకున్న నూలు చేతిరుమాలు తీసి పెట్టెకి చుట్టాను. గాజులకున్న పిన్నీసులు నాలుగూ తీసి పట్టీకి బిగించాను. దీపు మీటింది. పలికింది. పక్కకి తిరిగి మీటింది. పలికింది. అయినా స్టేజి వైపు కదలదే!

"సారీ తల్లీ, అందంగా ఉండాలని చేశాను" అన్నాను.

"నీ మీద కోపం కాదు అమ్మమ్మా. అక్కడ మళ్లీ ఆగిపోతే? అందరూ నవ్వితే?"

"ఆగితే ఆగనీ. ఇప్పుడు నాలుగుసార్లు ఆగింది, నువ్వేమైనా చచ్చిపోయావా? మళ్లీ మీటావు కదా."

బయట దాని పేరు పిలిచారు. ముక్కు తుడుచుకుని వెళ్లింది.

మోహన రాగంలో తనే కట్టుకున్న బాణీ అది. మొదట తెరని ఆనుకునే వాయించింది. తర్వాత ఒక్కో అడుగూ ముందుకొచ్చింది, మెట్లు దిగింది, కుర్చీల మధ్య దారిలో నడవడం మొదలెట్టింది. పిల్లలు చప్పట్లు కొడుతూ వెంటపడ్డారు. అలా నడిచి నడిచి వెనక గుమ్మం దాకా పోయింది, అక్కడ గుంపులో, బాణీ సగంలో ఉండగా గిటారు ఠక్కున ఆగిపోయింది.

కిందటేటి వరసలోంచే ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

దీపు వాడి వంక చూసింది. "టూ ఫార్! ఆంప్‌కి మరీ దూరం వచ్చేశా!" అని తనూ నవ్వింది. స్టేజి వైపు నాలుగడుగులు వేసి, ఆకుపచ్చ లైటు వెలగడం చూసుకుని, ఆగిపోయిన బాణీని మొదటినుంచీ ఎత్తుకుంది.