ఊదని విజిల్

ఇరవై మూడు జెర్సీలు ఉతకాలంటే మెషిన్ మూడుసార్లు తిరగాలి. ముందు బురదని బ్రష్షుతో గీకి తియ్యకపోతే గొట్టం పూడుకుపోతుంది, అంచేత ప్రతి శనివారం పెరట్లో స్టూలు వేసుకుని కూర్చుని గీకుతాను. పదహారేళ్ళ లోపు కుర్రాళ్ళ రగ్బీ క్లబ్బుకి మా ఆయన కోచ్. జీతం లేని కొలువే అయినా నలుగురూ ‘కోచ్ గారూ’ అని పిలుస్తారు. నా కొలువుకి ఆ పేరు కూడా లేదు. ఆ శనివారం మడతపెట్టిన వాటిల్లోంచి ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "కాలర్ మీద మరక అలాగే ఉందే," అన్నాడాయన. అంతలో ఫోన్ మోగింది. మర్నాటి మ్యాచ్‌కి రావాల్సిన రెఫరీ జ్వరంతో పడుకున్నాడట, వేరే మనిషి దొరకడం లేదట. జెర్సీ నా ఒళ్ళో పడేసి, ఫోన్లో నవ్వుతూ, "మా ఆవిడ ఉందిగా. సర్టిఫికెట్ కూడా ఉంది. విజిల్ ఊదడమేగా," అన్నాడు. అవతలి జట్టు కోచ్ కాసేపు నసిగి, మ్యాచ్ రద్దవడం కంటే నయమని ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ సర్టిఫికెట్ నాకు ఊరికే రాలేదు. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, తుడిచిన బల్ల మీదే రూల్సు పుస్తకం పెట్టుకుని చదివాను. పరుగు పరీక్ష కోసం పొద్దున్నే వీధిలో పరిగెడితే మా అత్తగారు పక్కింటావిడతో, "నలభై మూడేళ్ళకి నిక్కరు సరదా పుట్టింది మా కోడలికి," అనేది. ఆయనైతే స్నేహితుల ముందు, "ఇంట్లో నా మీద పెత్తనం చాలక మైదానం మీద కూడా చేస్తుందట," అని అందర్నీ నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే హాస్యం తెలియని మనిషినని ఇంకో మాట పడాలి. పాసై ఏడాదయింది. ఇప్పటిదాకా నాకు ఇచ్చినవి పదేళ్ళ పిల్లల ఆటలు ఆరు, అంతే. ఒకసారి ఆయనతో ఒక పెనాల్టీ గురించి వాదించబోతే, "నీకు రూల్స్ తెలుసు, ఆట తెలీదు," అన్నాడు. ఆ పరీక్ష ఆయన ఎన్నడూ రాయలేదు.

ఆదివారం మైదానానికి వెళ్ళేసరికే వాతావరణం వేడెక్కి ఉంది. పోయినేడు ఈ రెండు జట్లూ ఆడినప్పుడు కొట్టుకున్నారట, మైదానం గీత బయట తండ్రులు కూడా కొట్టుకున్నారట. మా జట్టు ఎనిమిదో నంబరు మా ఆడపడుచు కొడుకు. చూడ్డానికి గోడలా ఉంటాడు, ఆకలేస్తే మాత్రం ఇంకా నా కొంగు పట్టుకు తిరుగుతాడు. వచ్చేవారం వాడికి పెద్ద జట్టు ఎంపిక ఉంది, దానికోసమే అత్తగారు కూడా మడతకుర్చీ తెచ్చుకుని గీత పక్కన కూర్చుంది. అవతలి జట్టు బలమంతా వాళ్ళ తొమ్మిదో నంబరు. చిన్న కుర్రాడు, పీచులా ఉన్నాడు, కానీ బంతి వాడి చేతికొస్తే ఆట వాడు తిప్పిన వైపు తిరుగుతోంది. ఆట మొదలవక ముందే ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి, నాతో మాట్లాడేది మీరిద్దరే, ఇంకెవరు నోరెత్తినా ఊరుకోనని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రగ్బీలో బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి పడెయ్యొచ్చు, కాని భుజాల కిందే పట్టాలి. మెడ మీద చెయ్యి పడితే ఆట ఆపాల్సిందే. ఇరవయ్యో నిమిషంలో మావాడు ఆ తొమ్మిదో నంబరు మెడకి చెయ్యి అడ్డం వేసి వెనక్కి లాగాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ పిల్లాడి గడ్డం పైకి లేవడం, కళ్ళు తేలెయ్యడం చూశాను. విజిల్ పెదాల దాకా వెళ్ళింది. అప్పుడు గీత దగ్గర్నుంచి ఆయన గొంతు సవరించుకోవడం వినపడింది. అంత గోలలో అదెలా వినపడిందంటే ఏం చెప్పను, ఇరవై ఏళ్ళుగా నా చెవులు దానికి అలవాటు పడ్డాయి. చుట్టాల మధ్య నేను ఏదైనా చెప్పబోతే ఆయన చేసే శబ్దం అది. దానికి నా నోరు దానంతటదే మూతపడుతుంది. ఆ క్షణంలోనూ మూతపడింది. బంతి ఇంకా అవతలివాళ్ళ చేతుల్లోనే ఉంది కాబట్టి నేను చెయ్యి చాపి ఆట సాగనిచ్చాను. తప్పు జరిగినా నష్టపోయినవాళ్ళకి ముందు లాభం ఉంటే అలా సాగనివ్వొచ్చు, లాభం రాకపోతే వెనక్కి వచ్చి ఊదాలి. కాని మెడ దగ్గర తప్పుకి వెంటనే ఆపమని మాకు నేర్పారు. నేను ఆపలేదు. కాసేపటికే బంతి వాళ్ళ చేతుల్లోంచి జారింది, అప్పుడూ వెనక్కి వెళ్ళలేదు. చాపిన చెయ్యి కిందికి దించేశాను.

అవతలి కెప్టెన్ నా దగ్గరికి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, మీరు చూడలేదనుకుంటే నేను ఏమీ అనను," అన్నాడు. "కాని మీరు చూశారు." ఆట చూసుకో అన్నాను. వాడు తలూపి వెళ్ళాడు. అక్కణ్ణించి ఆట నా చేతుల్లోంచి జారిపోయింది. రెఫరీ ఊదదని తెలిశాక ఎవరి న్యాయం వాళ్ళే చేసుకోవడం మొదలుపెట్టారు. మోచేతులు, జుట్టు పట్టుకోవడం, పడ్డవాణ్ణి బూటుతో తొక్కడం. ఒకణ్ణి పట్టుకుని పెనాల్టీ ఇస్తే ఇంకోచోట ఇంకొకడు. గీత బయట ఒక తల్లి నన్ను కళ్ళు లేవా అంటోంది, ఒక తండ్రి వంటింటికి పొమ్మంటున్నాడు. నాకు కోపం రాలేదు. సిగ్గేసింది, ఆవిడ అన్నదానికంటే నేను చేసింది అన్యాయం, నాకు కళ్ళున్నాయి.

సగం ఆట దగ్గర ఆయన నీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పెళ్ళయ్యాక నాకు ఆయన చేత్తో మంచినీళ్ళు అందడం అదే మొదటిసారి అనుకుంటాను. "చాలా బాగా చేస్తున్నావ్. ఇలాగే పోనియ్," అన్నాడు మెల్లిగా. ఆ మెప్పు కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో. కూర బాగుందని కాదు, పరీక్ష పాసయ్యానని కాదు, నేను చెయ్యని పనికి వచ్చిందది. నోట్లో పోసుకున్న నీళ్ళు నేల మీద ఉమ్మేశాను.

రెండో సగంలో పది నిమిషాలకి మళ్ళీ అదే జరిగింది. అదే చెయ్యి, అదే మెడ. ఈసారి ఆ పిల్లాడు ముందు తలే నేలకి తగిలేలా పడి, లేవలేదు. నేను ఊదాను. ఎంత గట్టిగా ఊదానంటే కార్ల దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. దెబ్బలు చూడ్డానికి క్లబ్బు పిలిపించిన నర్సు పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుని, మెడ కదపనివ్వకుండా పట్టుకుని, "వేళ్ళు కదుపు నాన్నా," అంది. మొదట ఏమీ కదల్లేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ వేళ్ళనే చూస్తున్నాను. మొదటిసారి ఊది ఉంటే ఇది జరిగేది కాదు అన్న ఒక్క మాట తప్ప నా బుర్రలో ఏమీ లేదు. ఎన్నిసార్లు ఎన్నిచోట్ల పోనీలే అనుకున్నానో, అదంతా నా సహనం అనుకునేదాన్ని. నా పోనీలే ఇంకొకరి మెడ మీద పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. కాసేపటికి చిటికెనవేలు కదిలింది, తర్వాత మిగతావి. స్ట్రెచర్ మీద ఎత్తుకెళ్ళారు.

నేను లేచి మా ఎనిమిదో నంబరుకి ఎర్రకార్డు చూపించాను. వాడు నా మొహంలోకి చూసి, "అత్తా," అన్నాడు చిన్నగా. బయటికి నడవమని చెయ్యి చూపించాను. వాడు కదిలాడు గాని, ఆయన గీత దాటి లోపలికి వచ్చేశాడు. ఇక్కడొక రూలుంది, చదువుతున్నప్పుడే నాకు తెగ నచ్చింది. పెనాల్టీ ఇచ్చాక తప్పు చేసిన జట్టు వాదనకి దిగితే రెఫరీ తిరిగి వాదించక్కర్లేదు, ఆ జట్టు గోల్ వైపు పది మీటర్లు నడిచి, పెనాల్టీ అక్కణ్ణించి తీసుకోమని అవతలివాళ్ళకి చెబితే చాలు. మా లీగులో కోచ్ నోరు పారేసుకున్నా అదే లెక్క. ఆయన, కావాలని చేసింది కాదు, కార్డు వెనక్కి తీసుకో అన్నాడు. నేను పది మీటర్లు నడిచాను. ఆయన నా వెనకే వచ్చి, నీకు ఆట తెలీదని నలుగురి ముందూ నిరూపించుకుంటున్నావు అన్నాడు. ఇంకో పది మీటర్లు నడిచాను. ఎవరూ అరవడం లేదిప్పుడు. ఆయన దగ్గరగా వచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ మాటకి ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని విందుల్లో నేను తినే కంచం ముందు మొహం మాడ్చుకుని కూర్చున్నానో లెక్కలేదు. అడుగులు లెక్కపెట్టాను, పదీ అయ్యాక నిలబడి మడమతో గుర్తు పెట్టాను. గోల్ స్తంభాలు ఎదురుగా ఉన్నాయి. ఆయన నోరు తెరిచి, స్తంభాల వైపు చూసి, మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మాటకి ఆయన నష్టపోవడం నేను అప్పుడే చూశాను. అవతలివాళ్ళు ఆ పెనాల్టీ బంతిని స్తంభాల మధ్యనుంచి తన్ని మూడు పాయింట్లు తీసుకున్నారు, చివరికి రెండు పాయింట్ల తేడాతో గెలిచారు.

ఆట అయ్యాక మావాడు బట్టల గదిలో తల మీద తువ్వాలు కప్పుకుని ఒక్కడే కూర్చున్నాడు. రిపోర్టులో రాయడానికి వాడు చెప్పేది కూడా వినాలి కాబట్టి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎందుకు చేశావురా అన్నాను. తువ్వాలు తియ్యకుండానే, "ఆ తొమ్మిదోణ్ణి పైన పట్టుకో, వాడు ఆగితే వాళ్ళ ఆట ఆగిపోతుంది అన్నాడు మామయ్య," అన్నాడు. "మీ అత్త ఊదదులే అన్నాడు. ముందు నువ్వు ఊదలేదుగా అత్తా. నిజమే అనుకున్నా." వాడి భుజం మీద చెయ్యి వేశాను, వాడు ఏడ్చాడు. పదిహేనేళ్ళవాడికి కూడా నా గురించి అంత కచ్చితంగా తెలిసిపోయింది, చెప్పినవాడికి ఇంకెంత తెలుసో అనిపించింది. ఒళ్ళంతా మండింది.

క్లబ్బు గదిలో బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు కాగితం ముందుకి లాక్కున్నాను. అది అప్పటికప్పుడే రాసి ఇవ్వాలి. ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది, ఆ పిల్లాడి ఎముకకి ఏమీ కాలేదట, నాలుగు వారాలు మెడకి పట్టీ ఉంచుకోవాలట. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది. అంతమంది ముందు ఇంటి పిల్లాడి పరువు తీశావు, కాగితం మీదన్నా నాలుగు మంచి మాటలు రాయమంది. ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డాడు. పొరపాటున తగిలిందని రాస్తే శిక్ష ఒక్క ఆటతో పోతుందని, కావాలని చేశాడని రాస్తే ఈ ఏడాది ఎంపిక పోయినట్టేనని, వాడి భవిష్యత్తు నా చేతిలో ఉందని చెప్పాడు. అది నిజమే. పొరపాటు అని రాస్తే రేపింకో ఆటలో వాడు ఇంకో మెడ పట్టుకుంటాడు. కావాలని అని రాసి ఊరుకుంటే చెప్పినవాణ్ణి వదిలేసి చేసినవాడొక్కణ్ణే శిక్షించినట్టు. ఏది రాసినా నేను మాత్రం మంచి రెఫరీగానే మిగులుతాను.

కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ‘ఇరవయ్యో నిమిషంలో ఎనిమిదో నంబరు ఆటగాడు తొమ్మిదో నంబరు మెడ పట్టుకుని లాగడం నేను చూశాను. ఊదలేదు. అది నా తప్పు. రెండో తప్పు అందువల్లే జరిగింది. అలా పట్టమని తనకి కోచ్ చెప్పాడని, రెఫరీ ఊదదని కూడా చెప్పాడని ఆటగాడు నాతో అన్నాడు. కోచ్ నా భర్త. ఈ మ్యాచ్ నేను ఒప్పుకుని ఉండకూడదు. నా మీద కూడా చర్య తీసుకోవాలి.’ అక్షరాలు వంకరగా వచ్చాయి, కొట్టివేతలు మాత్రం లేవు.

ఆయన నా భుజం మీంచి చదివాడు. "నీకు మతి పోయిందా? ఇది పంపితే నీ సర్టిఫికెట్ కూడా పోతుంది," అన్నాడు. తెలుసన్నాను. పోతే మళ్ళీ పరీక్ష రాస్తానన్నాను. అత్తగారు ఏమైందని ఆయన్ని అడుగుతోంది.

నేను సంతకం పెట్టాను. దాని కింద కోచ్ సంతకానికి ఒక గడి ఉంది. కాగితం తిప్పి ఆయన వైపు జరిపి, కలం దాని మీద పెట్టి, "పూర్తిగా చదివి పెట్టండి," అన్నాను. బ్యాంకు కాగితాలైనా, ఇంటి కాగితాలైనా, ఆయన వేలు చూపించిన చోట చదవకుండా సంతకం పెట్టింది ఇన్నేళ్ళూ నేనే.