రెండు సభలకూ ఒకే మైకు

నేను ఒక మైకును. సభల్లో వక్తల ముందు నిలబడే నా తోటివాటిని మీరు చూసే ఉంటారు. నేను వేదికల మీద ఎక్కువకాలం లేను. నా బతుకు చాలావరకు ఒక ఆటోలో గడిచింది. దాని పైకప్పుకు కట్టిన రెండు లౌడుస్పీకర్లకు మాట అందించడం నా పని. నా ముందు ఏ మాట అంటే ఆ మాట పెద్దదవుతుంది. నిజమైతే ఇంకాస్త పెద్దదవుతుందా అని అడిగితే, అదేం లేదు. నిజానికీ అబద్ధానికీ నాలో దారి ఒక్కటే.

నేను పుట్టింది ఢిల్లీలో, ఎండ పడని ఒక సందులో. జుట్టుకంటే సన్నని రాగితీగ చుట్టి, జాలీ బిగించిన ఆడమనిషి నాతో అన్నది ఒక్కటే మాట: "ఏక్, దో." ఏం చెప్పాలో చెప్పలేదు, వినబడుతుందా లేదా అన్నదే ఆమెకు కావాలి. తర్వాత కలిసిన పెద్దమనుషుల్లో చాలామందికి కూడా అంతే కావాలని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

అక్కడినుంచి శ్రీకాకుళంలో రమణమూర్తి సౌండ్ షాపుకు వచ్చాను. పెళ్లిళ్లు, రికార్డింగ్ డాన్సులు, ఎన్నికలు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ పాట మధ్యలో నన్ను జారవిడిచాడు. నా తల సొట్టపోయింది. సొట్టపోయిన మైకును పెళ్లివారు ముట్టుకోరు గనక రమణమూర్తి నన్ను చవగ్గా ఎర్రన్నకు ఇచ్చేశాడు.

ఎర్రన్నది గుల్లపాలెం, సముద్రం ఒడ్డున ఉన్న జాలరి ఊరు. పడవ ఒడ్డుకు లాగుతుండగా కుడిచెయ్యి నలిగిపోయి, వల లాగలేని మనిషయ్యాడు. అప్పుడు అతనికి మిగిలింది గొంతు. ఆటోకు స్పీకర్లు కట్టి చాటింపు పని మొదలుపెట్టాడు. రేషను వచ్చిందన్నా, ఎవరైనా పోయారన్నా, అమ్మవారి జాతర అన్నా అతనే. ఏది చాటినా ఎత్తుగడ ఒకటే. బొటనవేలి గోరుతో నా సొట్ట మీద టక్ టక్‌మని కొట్టేవాడు. తర్వాత, "అమ్మల్లారా, అయ్యల్లారా, ఎర్రన్న సెప్తన్నాడు, ఇనండి" అనేవాడు. ఎవరి కబురైనా సరే, చెప్పేది మాత్రం ఎర్రన్నే. ఊరికది ముచ్చటగా ఉండేది. చుట్టుపక్కల చాటింపులకూ పనికొస్తుందని రమణమూర్తి ఆ ఎత్తుగడను గోటి చప్పుడుతో సహా రికార్డు చేసి పెట్టుకున్నాడు.

ఇలా ఉండగా ఊళ్లో తగువు పుట్టింది. సముద్రం అప్పటికే ఒక తుపానులో ముందువరస ఇళ్లను మింగింది. హైవే అవతల కాలనీ కట్టిస్తాం, ఒప్పుకున్నవాళ్లు వెళ్లండని అధికారులు అన్నారు. పట్నం కాలేజీలో పాఠాలు చెప్పే సుభద్రగారు వచ్చి, భూమి వేడెక్కుతోంది, కడలి పొంగుతోంది, ఇది మనుషులు చేసుకున్నదే, ప్రాణాలు ముఖ్యం, కదలండి అని చెప్పారు. రొయ్యల చెరువుల భానోజీ అదంతా కట్టుకథ అన్నాడు. మిమ్మల్ని ఒడ్డునుంచి లేపి ఆ నేల ఇంకెవరికో ఇవ్వడానికి వేసిన ఎత్తు అన్నాడు. అతని మాటను ఊరు ఊరికే నమ్మలేదు. గతంలో పక్క ఊరిని ఖాళీ చేయించి, ఆ ఒడ్డుకు కంచె వేసి, జాలర్లను లోపలికి రానివ్వని సంగతి అందరికీ గుర్తుంది.

సుభద్రగారి సభకు చాటింది ఎర్రన్నే. భానోజీ సభకు చాటిందీ ఎర్రన్నే. భానోజీ తన రొయ్యల చెరువుల గట్లు ఎత్తు పెంచడానికి మట్టి లారీలు కావాలని కబురు చేస్తే, ఆ వారమే అదీ నాలోంచే వెళ్లింది. పొంగని సముద్రానికి గట్లెందుకని ఎవరూ అడగలేదు.

చివరికి వలల షెడ్డు ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చుకోమన్నారు. ఇద్దరికీ నేనొక్కదాన్నే. చేతులు మారుతూ ఉన్నాను.

"మేడంగారూ, మాం తెరసాప కట్టి ఏటకెల్లినోల్లం," అన్నాడు ముసలి అసిరయ్య. "మాకాడ పొగెక్కడిదమ్మా? బీడీ తప్పించి." అందరూ నవ్వారు.

సుభద్రగారూ నవ్వారు. "మీ పొగ కాదు తాతా. ఎక్కడెక్కడో కాల్చిన బొగ్గు, పెట్రోలు. పొగ ఎవరిదైనా వేడి అందరికీ వస్తుంది."

భానోజీ నన్ను అందుకున్నాడు. "విన్నారు కదా. చేసింది ఎవరో. ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది మీరు." చప్పట్లు. "మేడం, ఒక్క ముక్క చెప్పండి. మొన్నటి తుపాను ఆ పొగ వల్లే వచ్చిందని రాసిస్తారా?"

ఆమె నన్ను అందుకున్నారు. "ఏదో ఒక్క తుపానును చూపించి అలా చెప్పలేం. సముద్రం వేడెక్కేకొద్దీ తుపానులకు బలం పెరిగే అవకాశం ఎక్కువవుతుంది. వేడెక్కడం మాత్రం మనుషుల వల్లే, అందులో అనుమానం లేదు."

"అంటే తెలీదన్నమాట," అన్నాడు భానోజీ.

ఆమె మాట పొడుగు. సగం ఒడ్డుగాలికి కొట్టుకుపోయింది. అతని మాట పొట్టి, చివరి ఇంటిదాకా వెళ్లింది. నేను రెండింటినీ ఒకేలా పంపాను. సభ ముగిసింది గాని ఏమీ తేలలేదు.

ఎర్రన్నకు తల్లీతండ్రీ అన్నీ అక్క దానమ్మే. ఆమెను "అప్పా" అని పిలిచేవాడు. చెయ్యి నలిగినప్పుడు అన్నం కలిపి ముద్దలు పెట్టింది ఆమే. ఎండుచేపల వ్యాపారం ఆమెది. కొట్టుకుపోగా మిగిలిన ఇళ్లలో సముద్రానికి అన్నిటికంటే దగ్గర ఆమె ఇల్లే. సభ మర్నాడు ఎర్రన్న ఆమె అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఒరే ఎర్రా, మొన్న ఆయమ్మ మాట సెప్పినావు. ఇంకోనాడు భానోజీ మాట సెప్పినావు. రెండూ నీ నోటంటే వొచ్చినాయి. మరి నీ మాటేటి?"

"నాకేటి తెల్దప్పా. సదువుకున్నోల్లే తేల్చుకోనేదు."

"ఆల్ల గోల నాకెందుకు. నాను ఈ ఇల్లు ఒగ్గీమంతావా, ఉండమంతావా? నువ్వేటంతే అది."

ఎర్రన్న చేప ముల్లు ఏరుతూ కూర్చున్నాడు. "తేలనీ అప్పా. ఆల్లకాడ తేలినాక సూద్దాం."

దానమ్మ తల ఊపి చేపలు తిరగేయడానికి వెళ్లింది. మర్నాడు కాలనీ అధికారి వచ్చి అడిగితే, "మా తమ్ముడు సెప్పలేదు బావు" అని పంపేసింది.

కార్తీకంలో వాయుగుండం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలవేళ అధికారులు ఎర్రన్నకు కబురు పెట్టారు. అతను గోటితో నన్ను తట్టాడు. "అమ్మల్లారా, అయ్యల్లారా, ఎర్రన్న సెప్తన్నాడు, ఇనండి. పెద్ద గాలొస్తంది. సముద్రం ఊర్లోకొచ్చేస్తాది. అందరూ తుపాను షెల్టరుకెల్లిపోండి."

గుమ్మంలో పేలు చూసుకుంటున్న ఆడవాళ్లు తలెత్తారు. "ఇదెవురి మాట ఎర్రన్నా? మేడందా, భానోజీదా?" అని ఒకామె అంది.

"కాలనీకి తోలడానికి ఇదో ఏసం," అంది ఇంకొకామె. "మాపటేలకి భానోజీ మైకొస్తాదిలే, ఏం గాదని సెప్తాది."

రెండోసారి తిరిగాడు. మూడోసారికి అతని గొంతు మారింది. "ఇది ఎవురి మాటా కాదు. నా మాట. ఎర్రన్న సెప్తన్నాడు," అన్నాడు. కానీ ఆ గొంతు వాళ్లకు ఎప్పుడూ చెబుతూ వచ్చింది అదే కదా. ఎర్రన్న చెప్పనిది ఏనాడుంది? ఆ తేడా వినిపించే శక్తి నా రాగితీగలో లేదు.

గాలి లేచాక జనం కదిలారు. దానమ్మ మాత్రం ఎండుచేపల మీద తార్పాలిన్ కప్పి రాళ్లు పెడుతోంది. ఎర్రన్న నన్ను సీటు మీద పడేసి పరుగెత్తాడు. స్విచ్చు ఆపలేదు. అక్కడ వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు అందలేదు. నాలోకి వచ్చింది గాలి ఒక్కటే. ఆ గాలినే స్పీకర్లు పెద్దది చేసి ఊరంతా వినిపించాయి.

ఎర్రన్న ఒక్కడే తిరిగొచ్చాడు. "ముసిలోల్లని దింపీసి రారా, ఈలోగా మూట కట్టీసుంటానంది," అని తనలో తను అంటూ అసిరయ్యనూ ఇంకొందరినీ ఎక్కించుకున్నాడు. షెల్టరు దగ్గర వాళ్లను దింపి వెనక్కి తిప్పేసరికి రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట సముద్రం నడుస్తోంది. చక్రాలు మునిగేదాకా ఆటోను పోనిచ్చాడు. ఇంజను ఆగిపోయింది. నన్ను పట్టుకుని అక్క ఇంటి దిక్కుకు తిరిగి, "అప్పా, వొచ్చేస్తన్నాను," అన్నాడు. ఎత్తుగడ లేకుండా అతను నాలో అన్న మాట అదొక్కటే. అప్పటికే బ్యాటరీ తడిసింది. ఆ మాట ఎక్కడికీ వెళ్లలేదు.

నీళ్లు తీశాక దానమ్మ దొరికింది. మూట కట్టేసే ఉంది.

తర్వాత రెండు సంతాప సభలు జరిగాయి. నన్ను ఆరబెట్టి రెండింటికీ వాడారు. సుభద్రగారు కళ్లు తుడుచుకుని, మనుషులు చేసిన వేడికి మనం అర్పించిన ప్రాణం దానమ్మది అన్నారు. భానోజీ దండ వేసి, తుపానులు తాతలనాడూ ఉన్నాయి, సముద్రానికి అడ్డుగోడ కట్టించని అధికారులే దానమ్మను చంపారన్నాడు. ఆమెను ఎరిగినవాళ్లలా ఇద్దరూ పదేపదే ఆమె పేరు తలిచారు. ఇల్లు వదలాలా, ఉండాలా అని ఆమె అడిగిన సంగతి ఇద్దరికీ తెలియదు.

రెండో సభలో ఎర్రన్నను రెండు మాటలు చెప్పమన్నారు. అతను నన్ను తీసుకున్నాడు. అలవాటు చొప్పున గోటితో తట్టాడు. "ఎర్రన్న..." అన్నాడు. జనం ఆగారు. నేనూ ఆగాను. అతని ఊపిరి తప్ప నా దగ్గరికి ఏమీ రాలేదు. ఆ ఊపిరినే ఊరికి పంచాను. అతను నన్ను కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ముట్టుకోలేదు.

ఉప్పు నా జాలీని తినేసింది. ఇప్పుడు హైవే పక్కన పాత ఇనుము కొట్టులో, చిల్లుపడ్డ బిందెల మధ్య ఉన్నాను. ఎదురుగా కొత్త కాలనీ. తుపాను తర్వాత గుల్లపాలెం మొత్తం అక్కడికే వచ్చింది. ఒప్పుకుని రాలేదు, ఇళ్లు లేక వచ్చారు. ఎర్రన్న ఎడమచేత్తో వలలు బాగుచేసుకుంటూ గడప దగ్గర కూర్చుంటాడు.

రమణమూర్తి ఆటో ఒకటి ఈ దారిన వెళ్తుంటుంది. దానికి మైకు లేదు. గోటి చప్పుడుతో సహా అన్నీ రికార్డులోనే ఉన్నాయి. టక్ టక్. "అమ్మల్లారా, అయ్యల్లారా, ఎర్రన్న సెప్తన్నాడు, ఇనండి." తర్వాత వేరెవరిదో గొంతు: భూమి వేడెక్కడం మనుషుల పనా, కాదా, ఆదివారం బహిరంగ చర్చ, అందరూ రండి.

ఆ పిలుపు వినగానే కాలనీలో ఇప్పటికీ అందరూ తలలు తిప్పుతారు. ఎర్రన్న తిప్పడు.